క్రోషే అల్లికలతో మొదటి స్టాల్: ఏం అల్లాలి, ఎంతకి అమ్మాలి?

ఊలుబంతి · కూకట్‌పల్లి
అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ ఇన్‌స్టాలో, ఆఫీసులో తెలిసినవాళ్ళకి క్రోషే (కొక్కెం సూదితో అల్లే) వస్తువులు అల్లి అమ్ముతున్నాను. ఈసారి బయట స్టాల్ పెట్టాలని ఉంది. హైదరాబాద్ ఎగ్జిబిషన్ హాలు హైటెక్స్‌లో కామిక్ కన్వెన్షన్ (కామిక్స్, కార్టూన్ల అభిమానుల సంబరం) జరిగినప్పుడు ఫ్రెండ్‌తో కలిసి ఒక టేబుల్, ఆ తర్వాత డిసెంబర్‌లో ఒక క్రాఫ్ట్ మేళా. ఆన్‌లైన్‌లో అయితే ఆర్డర్ వచ్చాకే అల్లుతాం. ఇక్కడ ముందే సరుకు కుప్ప పోసుకుని కూర్చోవాలి, అదే నా భయం. నాకు బ్యాగులంటే ఇష్టం, గ్రానీ స్క్వేర్ (చదరపు ముక్కలు అల్లి కలిపే) బ్యాగులు కొన్ని రెడీగా ఉన్నాయి. జపాన్ కార్టూన్ పాత్రలు పికాచులు, నరుటోలు అల్లమని ఫ్రెండ్ ఒకటే గొడవ. ఇక ధర సంగతి అస్సలు తెగట్లేదు. దారం ఖర్చుకి మూడింతలు వెయ్యమని ఎవరో చెప్పారు. అలా వేస్తే బ్యాగు 1200 దగ్గర ఆగుతోంది. సరిపోతుందంటారా?

కొక్కెం_కుమారి · విజయవాడ
ముందు ఆ మూడింతల లెక్క పక్కన పడెయ్యండి. కీచైన్‌కి పట్టే ఊలు పది రూపాయలు, ముప్పైకి ఇచ్చేస్తారా? అల్లికలో అసలు ఖర్చు మన గంటలది. ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఒక్కో రకం ఒకసారి అల్లి చూడండి. దూది కూరడం, కళ్ళు బిగించడం, దారం కొసలు లోపలికి దూర్చడం, ట్యాగ్ కట్టడం అన్నీ కలిపి. కొసలు దూర్చే టైము ఎవరూ లెక్కలో వెయ్యరు. గ్రానీ స్క్వేర్లలో సగం చాకిరీ అదే.

నా లెక్కలు చెప్తా, మీ చేతి వేగం వేరు కావచ్చు. గ్రానీ స్క్వేర్ బ్యాగుకి కాటన్ దారం 400, నాకు పట్టేది తొమ్మిది గంటలు. 1200కి పోతే మిగిలేది 800, అంటే గంటకి 89 రూపాయలు. అందులోంచే స్టాల్ అద్దె, ఆటో, మధ్యాహ్నం భోజనం పోవాలి. అదే వెల్వెట్ ఊలు తేనెటీగ బొమ్మ అయితే ఊలు, దూది, కళ్ళు కలిపి 60, ముప్పావుగంట పని. 349కి పోతే గంటకి 385. బంతిపూల తోరణం, ఇరవయ్యొక్క పువ్వు, మామూలు గుమ్మానికి సరిపోయేది: ఊలు 220, నాలుగు గంటలు, 1199కి అమ్ముతా. గంటకి 245 దాకా వస్తుంది.

బ్యాగు మానెయ్యమనట్లేదు. అది టేబుల్ వెనకాల పైన వేలాడాలి, దూరం నుంచి జనం దాన్ని చూసే వస్తారు. వచ్చి తేనెటీగ కొనుక్కుపోతారు. కాబట్టి బ్యాగులు రెండు మూడు చాలు, మిగతా చేతులన్నీ చిన్నవాటి మీద పెట్టండి.

స్టాల్ అద్దె కూడా ధరలో కలపాలి. ఉదాహరణకి రెండు రోజులకి 6000 అనుకోండి, 120 వస్తువులు పోతాయనుకుంటే ఒక్కోదానికి సగటున 50. అన్నిటి నెత్తినా అదే 50 వేస్తే కీచైన్ చచ్చిపోతుంది. నేను ధరని బట్టి పంచుతా: కీచైన్‌కి 20, తోరణానికి 150 అలా.

జేబుకు_చిల్లు · మణికొండ
నేను కొనే పక్షం వాణ్ణి, తిట్టకండి. అరవై రూపాయల సరుకుతో చేసిన తేనెటీగకి 349 అంటే గుండె గుభేలుమంటోంది. ఆన్‌లైన్‌లో అలాంటిదే 199కి దొరుకుతోంది. మెషీన్ మీద చేసినది చాలనుకునేవాడు మీ దగ్గర ఎందుకు కొంటాడు?

సికింద్రాబాద్_సూది · సికింద్రాబాద్
అన్నా, దుకాణంల దొరికే బొమ్మలల్ల మెషీన్ మీద చేసిన క్రోషే అనేది లేదు. అల్లిక మెషీన్లు చేసేది నిట్టింగ్, అంటే స్వెటర్ లెక్క అల్లుడు. క్రోషే లెక్క కనిపించే లేసు కూడా మెషీన్ మీద వస్తది, కానీ సూదితోని చుట్టూ తిప్పుకుంట అల్లే బొమ్మను అమ్మకానికి చేసే మెషీన్ ఇప్పటిదాక రాలె. నువ్వు చూసిన 199ది నిజం క్రోషేనే అయితే, అది కూడా ఎవరో ఒకరు కూసోని చేత్తోని అల్లిందే. ఆ 199ల వెబ్‌సైట్ కమీషన్, కొరియర్, మధ్యల వ్యాపారి లాభం అన్నీ పోంగ, అల్లినామెకు ఏం మిగిలిందో నువ్వే లెక్క గట్టు.

నేను మొగోణ్ణి, స్టాల్ల కూసోని అల్లుతుంటే జనం ఆగి మరీ చూస్తరు. "మీరే చేసిన్రా? నిజంగనా?" అంటరు. నేను సూది ఆపకుంటనే మాట్లాడత. ఎదురుంగ అల్లుతుంటే బేరం ఆడేటోళ్ళు సగానికి సగం తగ్గిపోతరు, ఇది మాత్రం రాసి పెట్టుకో ఊలుబంతి చెల్లె.

జేబుకు_చిల్లు · మణికొండ
మెషీన్ సంగతి నిజంగా తెలీదు తమ్ముడూ. సరే, 349 మీద నా కేసు వాపసు. 399 అంటే మాత్రం మళ్ళీ వస్తా.

గోదారి_లేసు · నరసాపురం దగ్గర
ఈ కూలి లెక్క చదివాక రాయకుండా ఉండలేకపోయానండి. మా అమ్మ, మా మేనత్తలు అందరూ లేసు అల్లినవాళ్ళే. మా వైపు ఈ పని 19వ శతాబ్దంలో స్కాట్లాండ్ నుంచి వచ్చిన మిషనరీలు నేర్పారని చెప్తారు. ఆ తర్వాత నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల ఊళ్ళల్లో ఇంటింటికీ పాకిపోయింది. మధ్యాహ్నం వంట అయ్యాక అరుగుల మీద చేరి అల్లేవారు. సన్నటి తెల్ల నూలు దారం, స్టీలు సూది. టేబుల్ మ్యాట్లు, దుప్పట్లు, గుండ్రటి డాయిలీలు (చిన్న అలంకరణ మ్యాట్లు) అన్నీ విదేశాలకే వెళ్ళేవి.

డబ్బు మాత్రం ఎలా వచ్చేదంటే, ఎగుమతి వ్యాపారి ఏజెంటుకి దారం ఇస్తాడు, ఏజెంటు ఇంటింటికీ పంచుతాడు, అల్లింది పట్టుకెళ్ళి అల్లిన దారం లెక్కనో ముక్కకింత అనో కూలి ఇస్తాడు. గంట ఊసే ఉండదు. అమ్మ ఒక పెద్ద దుప్పటికి ఎన్ని గంటలు కూర్చుందని మా ఇంట్లో ఎవరూ అడగలేదు, అమ్మా లెక్క పెట్టుకోలేదు. "ఖాళీగా ఉన్నప్పుడు చేసుకుంటారుగా" అనే మాట ఒకటి ఉండేది. మరియా మీస్ అనే జర్మన్ ఆవిడ నరసాపురం వచ్చి ఈ లేసు ఆడవాళ్ళ మీద పరిశోధన చేశారు, 1982లో పుస్తకంగా వచ్చింది. వీళ్ళని పనివాళ్ళుగా కాకుండా ఇంట్లో కాలక్షేపం చేసే గృహిణులుగా చూడబట్టే కూలి అంత అట్టడుగున ఉందని ఆవిడ వాదన. మా అమ్మకి ఆ పుస్తకం సంగతి తెలీదు గానీ, ఏజెంటు వచ్చి వెళ్ళాక ఇదే మాట ఇంకాస్త ఘాటుగా అనేది.

2024లో నరసాపురం క్రోషే లేసుకి జీఐ (ఫలానా ప్రాంతపు వస్తువని చెప్పే) గుర్తింపు వచ్చింది. రుస్తుంబాదలో లేసు పార్కు కూడా ఉంది. సంతోషమే. కానీ చైనా నుంచి మెషీన్ లేసు చవగ్గా వచ్చి పడ్డాక మా ఊళ్ళో చాలామంది సూది పక్కన పెట్టేశారు. మీరు నేరుగా కొనేవాడి ఎదురుగా కూర్చుని ధర చెప్పుకోగలుగుతున్నారు. మా అమ్మకి ఆ అవకాశమే లేదు. అంచేత మీరు బ్యాగుని 1200కి ఇవ్వకండి తల్లీ. 2200 రాసి పైన కట్టండి. పోతే పోయింది, లేకపోతే మీ దగ్గరే ఉంటుంది.

ఊలుబంతి · కూకట్‌పల్లి
అమ్మా, మీరు రాసింది మా అమ్మకి చదివి వినిపించాను. "ఖాళీగా ఉన్నప్పుడేగా" అనే మాట మా ఇంట్లోనూ తిరుగుతూ ఉంటుంది, ఇవాళ ఆవిడ ఏమీ అనలేదు. బ్యాగుకి 2200 రాసేశాను. కీచైన్లు 149. పికాచు సంగతి ఎవరూ తేల్చలేదు. ఫ్రెండ్ అప్పుడే పసుపు ఊలు కొనేసింది.

బొమ్మలపెట్టె · బెంగళూరు
కామిక్ కాన్ వైపు నుంచి నేను చెప్తాను, నేను బొమ్మల ప్రింట్లు, అమిగురుమి (దూది కూరిన క్రోషే బొమ్మలు) రెండూ అమ్ముతాను. హైదరాబాద్‌లో 2013 నుంచీ కామిక్ కాన్ జరుగుతోంది, వచ్చేవాళ్ళలో ఎక్కువమంది కాలేజీ పిల్లలు. పాకెట్ మనీ ఉంటుంది, బ్యాగు నిండా బ్యాడ్జీలు, కీచైన్లు ఉంటాయి. వంద నుంచి నాలుగొందల మధ్య వస్తువు ఆలోచించకుండా తీసుకుంటారు. వెయ్యి దాటితే "ఒక రౌండ్ వేసి వస్తాం" అంటారు. ఆ రౌండ్ నుంచి తిరిగొచ్చినవాణ్ణి నేను చాలా అరుదుగా చూశాను.

పాత్రల బొమ్మలు పోటెత్తినట్టు అమ్ముడవుతాయి, అబద్ధం చెప్పను. అయితే పికాచు సొంతదారు వేరే ఉన్నాడు. మన 1957 కాపీరైట్ చట్టం 14వ సెక్షన్‌లో, కాగితం మీది బొమ్మని త్రిమితీయ (3డి) రూపంలోకి మార్చే హక్కు కూడా దాని సొంతదారుదే అని స్పష్టంగా ఉంది. ఊలుతో అల్లినా మార్చడమే. ట్రేడ్‌మార్క్ సంగతి అదనం. పక్క టేబుల్ వాళ్ళు అమ్ముతున్నారు కదా అంటారు. అమ్ముతున్నారు, నిజమే. నిర్వాహకుల నియమాల్లో దీని గురించి ఏం రాశారో చదివి సంతకం పెట్టండి. సంతకం మీది.

నేను చేసేది వేరు. ఆ లోకానికి నప్పే సొంత బొమ్మలు అల్లుతాను. కత్తి పట్టుకున్న ఉల్లిపాయ, మాంత్రికుడి టోపీ పెట్టుకున్న కప్ప, కళ్ళజోడు పెట్టుకున్న ఇడ్లీ. ఇడ్లీ అల్లడానికి గుండ్రంగా రెండు ముక్కలు చాలు, దూది తక్కువ, పావుగంటలో అయిపోతుంది. చట్నీ గిన్నె జతగా పెడితే ధర అమాంతం పెంచొచ్చు. మీ ఫ్రెండ్ కొన్న పసుపు ఊలుతో బంతిపూలు, కోడిపిల్లలు, సూర్యకాంతులు అల్లుకోండి, ఎక్కడికీ పోదు.

ఇంకోటి. వేరేవాళ్ళ ప్యాటర్న్ (ఎలా అల్లాలో రాసిన సూచనలు) కొని అల్లుతుంటే, అల్లిన వస్తువు అమ్ముకోవచ్చో లేదో ఆ డిజైనర్ చివరి పేజీలో రాస్తారు. చాలామంది ఒప్పుకుంటారు, ట్యాగ్ మీద తమ పేరు వెయ్యమంటారు. వేస్తే పోయేదేం లేదు.

సికింద్రాబాద్_సూది · సికింద్రాబాద్
కళ్ళజోడు ఇడ్లీ మస్తుంది అన్నా. దోశ గూడ చెయ్యరాదు, చుట్టి పెడితే పెన్ను పౌచ్ అయితది.

లెక్కల_మాస్టారు · గుంటూరు
బొమ్మల గురించి అందరూ ఉత్సాహంగా ఉన్నారు గనక ఒక పిడకల వేట. 2020లో కేంద్రం బొమ్మల నాణ్యత నియంత్రణ ఉత్తర్వు తెచ్చింది, 2021 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. 14 ఏళ్ళలోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. దూది కూరిన మెత్తటి బొమ్మలూ అందులోకే వస్తాయి. ఇంట్లో సూదితో అల్లేవాళ్ళకి ఆ గుర్తు ఇచ్చే బీఐఎస్ సంస్థ లైసెన్సు అయ్యే పనా? అందుకే సవరణలో మినహాయింపు ఇచ్చారు. కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన చేతివృత్తిదారులు తయారుచేసి అమ్మే వస్తువులకి ఈ ఉత్తర్వు వర్తించదు.

ఆ నమోదుకి ఇచ్చేదే పహచాన్ కార్డు. మీ చేతిపని వాళ్ళకి చూపించాలి, ఆధార్‌తో అప్లై చెయ్యాలి. టైము పడుతుంది, డిసెంబర్ మేళాకి నవంబర్‌లో మేలుకుంటే అయ్యే పని కాదు. ఈ కార్డుకి ఇంకో లాభం కూడా ఉంది. ప్రభుత్వ సాయంతో జరిగే హస్తకళల మేళాలకి, ఢిల్లీ హాట్ లాంటి చోట్ల వంతులవారీగా ఇచ్చే స్టాళ్ళకి ఇదే అడుగుతారు.

ఇక జీఎస్టీ. సొంత రాష్ట్రంలోనే అమ్ముకునేవాళ్ళకి సరుకుల మీద రిజిస్ట్రేషన్ పరిమితి ఆంధ్రలో ఏడాదికి 40 లక్షల టర్నోవర్, తెలంగాణలో 20 లక్షలు. కీచైన్లతో అక్కడిదాకా వెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే నాకు చెప్పండి, నేనే వచ్చి అల్లిక నేర్చుకుంటా. చిక్కు ఎక్కడంటే, కుమారి గారిలా విజయవాడ నుంచి హైదరాబాద్ వచ్చి స్టాల్ పెడితే. వేరే రాష్ట్రంలో తాత్కాలికంగా అమ్మేవాళ్ళు క్యాజువల్ ట్యాక్సబుల్ పర్సన్ (తాత్కాలిక పన్ను చెల్లింపుదారు) కింద ముందే రిజిస్టర్ కావాలి. ఈ పరిమితి లోపలే ఉన్నవాళ్ళకి, జాబితాలో ఉన్న హస్తకళా వస్తువుల వరకు, పాన్ నంబరు, ఈ-వే బిల్లు (సరుకు రవాణా పత్రం) ఉంటే ఆ రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 2017లో మినహాయింపు వచ్చింది. మీ వస్తువు ఆ జాబితాలో ఏ కోడ్ కింద పడుతుందో మీ ఊళ్ళో ఆడిటర్‌ని అడగండి. ఇక్కడ నా మాట పట్టుకుని బయల్దేరొద్దు.

కొక్కెం_కుమారి · విజయవాడ
మాస్టారూ, ఇలా భయపెడితే కొత్తవాళ్ళు సూది పారేసి పారిపోతారు. నేను ఇన్ని ఎగ్జిబిషన్లు తిరిగాను, ఐఎస్ఐ గుర్తు ఏదని నన్ను ఎవరూ అడగలేదు.

లెక్కల_మాస్టారు · గుంటూరు
అడగకపోవడం మీ అదృష్టం కుమారి గారూ, చట్టం కాదు. నేను చెప్పింది కూడా పారిపొమ్మని కాదు, కార్డు తీసుకొమ్మని.

కొక్కెం_కుమారి · విజయవాడ
కార్డు వరకు ఒప్పుకుంటున్నా. వచ్చే వారం అప్లై చేస్తా, మీరు ఫారం నింపిపెట్టాలి మరి. ట్యాగ్ మీద "షోపీస్, ఆట వస్తువు కాదు" అని రాస్తే సరిపోతుందని కొందరు అంటారు, దాని మీద మీ మాటేంటి?

లెక్కల_మాస్టారు · గుంటూరు
చిరునవ్వుతో ఉన్న కుందేలుని టేబుల్ అంచున పెట్టి, పిల్లలు వచ్చి పట్టుకుంటుంటే చూస్తూ, ట్యాగ్ మీద షోపీస్ అని రాస్తే అధికారి నమ్మాలా వద్దా మీరే చెప్పండి. బొమ్మ లేని కీచైన్, పువ్వు, తోరణం, గ్లాసు కింద పెట్టే కోస్టర్, బ్యాగు ఇవి బొమ్మలు కావు, వీటికి ఆ బెంగ లేదు. కార్డు చేతికొచ్చేదాకా వాటి మీద ఎక్కువ ఆధారపడమంటాను. ఫారం నింపడానికి నాకు ఒక తోరణం బాకీ.

బొమ్మలపెట్టె · బెంగళూరు
చట్టం ఎలా ఉన్నా, మూడేళ్ళలోపు పిల్లలకి అని అడిగితే నేను ప్లాస్టిక్ కళ్ళ బొమ్మ ఇవ్వను. ఆ కళ్ళ వెనక బిగించే బిళ్ళ, వాషర్, ఎంత గట్టిగా నొక్కినా, అల్లిక వదులుగా ఉంటే కన్ను కన్నంతా ఊడి వస్తుంది. అలాంటివాటికి నల్లదారంతో కళ్ళు కుట్టేస్తా.

డల్లాస్_దారం · డల్లాస్
ఇక్కడి సంగతి కూడా రాస్తాను, చాలామంది చెల్లెళ్ళు మెసేజ్ పెట్టి అడుగుతున్నారు. మన తానా (అమెరికాలో తెలుగువాళ్ళ సంఘం) సభలు రెండేళ్ళకోసారి జరుగుతాయి కదా, 2023లో ఫిలడెల్ఫియాలో, 2025లో డెట్రాయిట్ దగ్గర నోవైలో. ఆ హాళ్ళల్లో స్టాళ్ళంటే చీరలు, నగలు, ప్లాట్లు. వాటి మధ్య ఊలు తోరణాలు పెట్టుకుని ఒకావిడ కూర్చుంటే ఎవరైనా ఆగుతారు. కానీ అంత పెద్ద సభలో బూత్ ధర చిన్న అల్లికలవాళ్ళకి గిట్టదు. నగలమ్మే ఫ్రెండ్ బూత్‌లో ఒక మూల అడిగి తీసుకోవడం మేలు. నాకు బాగా కలిసొచ్చేది మాత్రం మా ఊరి దీపావళి మేళా, గుడి ఆవరణలో వారాంతం సంత.

అమ్ముడయ్యేది ఏంటంటే బంతిపూల తోరణం, బతుకమ్మ, గొబ్బెమ్మలు, బొమ్మల కొలువుకి చిన్న చిన్న బొమ్మలు. ఇక్కడ అసలు బంతిపూలు దొరకడం కష్టం, దొరికినా రెండు రోజుల్లో వాడిపోతాయి. ఊలుది పెట్టెలో పెట్టి మళ్ళీ ఏడాది తియ్యొచ్చు. అమిగురుమి ఇక్కడ ప్రతి క్రాఫ్ట్ ఫెయిర్‌లోనూ అమెరికన్లు అద్భుతంగా చేస్తారు, వాళ్ళతో పోటీ పడటం నాకు అనవసరం. గొబ్బెమ్మ మాత్రం వాళ్ళు చెయ్యరుగా.

ఇక అసలు విషయం. హెచ్4 వీసా (హెచ్1బీ మీద పనిచేసేవాళ్ళ భార్య లేదా భర్తకి ఇచ్చేది) మీద ఉన్నవాళ్ళు పని పర్మిట్ లేకుండా స్టాల్ పెట్టి అమ్మకూడదు. "హాబీయే కదా, డబ్బులు జెల్ యాప్‌లో పంపుతారు కదా" అంటారు. సొంత వ్యాపారం కూడా పని కిందికే వస్తుంది, గ్రీన్ కార్డు ఫైల్ మీదికి తెచ్చుకోకండి. కొందరు హెచ్4 వాళ్ళకి ఈఏడీ (ఆ పని పర్మిట్) 2015 నుంచీ ఇస్తున్నారు, అది చేతికొచ్చాకే. నేను ఈఏడీ వచ్చేదాకా అల్లి పుట్టినరోజులకి ఊరికే ఇచ్చేదాన్ని. టెక్సస్‌లో సేల్స్ ట్యాక్స్ పర్మిట్‌కి ఫీజు లేదు. ఊరిని బట్టి 8.25 శాతం దాకా వసూలు చేసి కట్టాలి. పన్నెండేళ్ళ వయసు దాకా పిల్లలకి ఉద్దేశించిన వస్తువులకి ఇక్కడా భద్రత చట్టం ఉంది. టెస్టింగ్, ట్రాకింగ్ లేబుల్ అన్నీ. చిన్న తయారీదారులకి కొన్ని సడలింపులున్నాయి, రిజిస్టర్ చేసుకోవాలి. అందుకే నేను పిల్లల బొమ్మల జోలికి పోను.

ఊలుబంతి · కూకట్‌పల్లి
డల్లాస్ అక్కా, గొబ్బెమ్మ ఐడియా డిసెంబర్ మేళాకి తీసేసుకుంటున్నా, సంక్రాంతి పక్కనే కదా. కార్డుకి ఇవాళే అప్లై చేస్తా. ఇప్పుడు స్టాల్ రోజు సంగతి చెప్పండి. టేబుల్ ఒకటి, కుర్చీలు రెండు ఇస్తారట. కరెంటు కావాలంటే అదనం అన్నారు.

సికింద్రాబాద్_సూది · సికింద్రాబాద్
కరెంటు తీసుకోకు. చార్జింగ్ మీద నడిచే క్లిప్ లైట్లు రెండు కొను, చాలు. టేబుల్ మీద అన్నీ పరుస్తే దగ్గరికొచ్చి వొంగితే తప్ప ఎవ్వరికీ కానరావు. ఇనుప జాలీ పలకలు రెండు తెచ్చి జిప్ టైలతోని నిలబెట్టు, ఎస్ కొక్కేలకు కీచైన్లు తగిలించు. కింద బరువు పెట్టు, లేకుంటే ఎవరి బ్యాగో తగిలి మొత్తం మీద పడ్తది. టేబుల్ గుడ్డ నేల దాక ఉండాలె, అట్టడబ్బాలన్నీ దాని కిందనే పోతయ్. ధర ప్రతి వస్తువు మీద రాయి. మనోళ్ళకు ధర అడగాలంటే మొహమాటం, అడగకుంటనే పోతరు.

ఇగ ఫోన్‌పే, గూగుల్ పే. పెద్ద హాల్ల జనం నిండితే సిగ్నల్ చచ్చిపోతది. రెండు కంపెనీల సిమ్ములు పెట్టుకో. పైసలు పడ్డయని స్పీకర్ చెప్పకముందే వస్తువు చేతిల పెట్టకు. "పోయినయ్ అక్కా" అని స్క్రీన్‌షాట్ చూపిచ్చి పోయేటోళ్ళు ఉంటరు, అది నిన్నటిది కావచ్చు, పక్కోడిది గూడ కావచ్చు. చిల్లర గూడ ఉంచుకో, పిల్లలు నోట్లు తెస్తరు. రెండో రోజు సాయంత్రం రేటు తగ్గించకు. మొదటి రోజు కొన్నోళ్ళు మళ్ళ అటే తిరుగుతుంటరు.

కొక్కెం_కుమారి · విజయవాడ
నాదొక గోడు కూడా కలుపుతా. ఒక వారాంతపు మార్కెట్‌లో నిర్వాహకులు నాకు ముందు చూపించిన ప్లాన్‌లో నా స్టాల్ గేటు పక్కన. వెళ్ళేసరికి మిర్చి బజ్జీల బండి పక్కకి మార్చేశారు. డబ్బు వాపసు ఇవ్వం అన్నారు. వెల్వెట్ ఊలు పొగని, నూనె వాసనని పీల్చేసుకుంటుంది. సాయంత్రానికి తేనెటీగలన్నీ బజ్జీ వాసన. ఇంటికొచ్చి ఒక్కోటీ చేత్తో ఉతికి, దూది గడ్డకట్టకుండా నీడన తిప్పుతూ ఆరేశాను. కాబట్టి డబ్బు కట్టే ముందు స్టాల్ నంబరు మెయిల్‌లో రాయించుకోండి, తిండి స్టాళ్ళు ఎటువైపో అడగండి, ఇంకెంతమంది క్రోషే వాళ్ళకి ఇచ్చారో కూడా అడగండి. ఒకే వరసలో నలుగురం తేనెటీగలు పెట్టుకుని కూర్చుంటే ఒకరి మొహం ఒకరు చూసుకోవడమే. వాసన పట్టకుండా అన్నీ జిప్ కవర్లలో ఉంచి, ఒక్కో రకానికి ఒక్కటే బయట పెట్టండి.

జేబుకు_చిల్లు · మణికొండ
బజ్జీ వాసన తేనెటీగ 349కి ఇస్తే నేను తీసుకునేవాణ్ణి కుమారి గారూ. సరే, కొనేవాడిగా ఒక ప్రశ్న. బేరమాడితే మీకు కోపం వస్తుందా?

గోదారి_లేసు · నరసాపురం దగ్గర
కోపం ఎందుకండీ. సంతకెళ్ళి బేరమాడకుండా వచ్చేవాళ్ళం మనం కాదు. రెండు తీసుకుంటే కొంచెం తగ్గించమనండి, అది న్యాయం. "ఇదేముంది, మా అమ్మమ్మ ఇంట్లోనే అల్లేది" అని మాత్రం అనకండి. అల్లేది, ఆవిడకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు కూడా.

ఊలుబంతి గారూ, బ్యాగులు మిగిలిపోతే దిగులు పడకండి. పక్కన ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. ఈ మోడల్ మీకు నచ్చిన రంగుల్లో అల్లిస్తాం, సగం అడ్వాన్స్ అని రాయండి. పెళ్ళిళ్ళ సీజన్‌లో బ్లౌజు చేతులకి, లంగా అంచుకి లేసు అడిగేవాళ్ళూ వస్తారు. మీకు చేతకాకపోతే మా వైపు ఇంకా అల్లేవాళ్ళు ఉన్నారు, గజం లెక్క మీరూ వాళ్ళూ నేరుగా మాట్లాడుకోవచ్చు.

ఊలుబంతి · కూకట్‌పల్లి
ఆ లేసు మాట మీకు విడిగా మెసేజ్ పెడతానమ్మా. ఇప్పటికి నా జాబితా: కన్వెన్షన్‌కి కీచైన్లు, పువ్వులు, పైన రెండు బ్యాగులు, కార్డు వస్తే ఇడ్లీలు. మేళాకి తోరణాలు, గొబ్బెమ్మలు, కార్డు వస్తే తేనెటీగలు. కుర్చీలో కూర్చుంటే చాలు మణికట్టు లాగేస్తోంది, రాత్రి బొటనవేలు తిమ్మిరెక్కుతోంది. అందరికీ ఇంతేనా?

డల్లాస్_దారం · డల్లాస్
తిమ్మిరి అంటున్నారు కదా, దాన్ని వదిలెయ్యకండి. రాత్రుళ్ళు తిమ్మిరి వస్తుంటే డాక్టర్‌కి చూపించండి, మణికట్టులో నరం నొక్కుకుపోయినా అలాగే ఉంటుంది. సన్నటి స్టీలు సూది మానేసి లావు రబ్బరు పిడి ఉన్నది తీసుకోండి. నేను వరసగా ఒకే వస్తువు అల్లను, అరగంట పువ్వులు, అరగంట దూది కూరడం, తర్వాత ట్యాగులు. ఒకే పట్టులో చెయ్యి ఉండిపోకూడదు.

ఊలుబంతి · కూకట్‌పల్లి
సరే అక్కా, శనివారం చూపిస్తా. చివరగా ఒకటే. తోరణానికి కాటన్ వాడాలా, యాక్రిలిక్కా? ఎక్కడ కొనాలి?

సికింద్రాబాద్_సూది · సికింద్రాబాద్
యాక్రిలిక్ ఫోర్ ప్లై (నాలుగు పోగులది). గుమ్మం దగ్గర ఎండ తగుల్తది, కాటన్ తొందరగ వెలిసిపోతది, తడిస్తే బరువెక్కి వేలాడ్తది. పసుపు, నారింజ ఒకటే డై లాట్‌ల (ఒక్కసారి రంగేసిన సరుకుల) తీసుకో, బంతి మీద నంబరు ఉంటది చూడు, లేకుంటే పువ్వు పువ్వుకు రంగు తేడా వస్తది. చిల్లరగ అయితే జనరల్ బజార్, పది కిలోలు దాటితే బేగంబజార్. ఆదివారం పోకు, సగం దుకాణాలు బంద్ ఉంటయ్.